పని మానవద్దు, తీరు మార్చుకొనుడి



మన పల్లెలలో కీళ్లనొప్పులు లేని ఇల్లు అరుదు. నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసి, నీళ్లు మోసి 40 యేండ్లు గడపినవారి నడుములును మోకాళ్లును 60వ యేట మొరపెట్టుట మనము చూచుచునే యున్నాము. ఆ మొర విన్నప్పుడు పిల్లలు చెప్పు మాట సాధారణముగా ఒక్కటే: "ఇక పని చాలమ్మా, ఒక మూల కూర్చో." వారు ప్రేమతోనే ఆ మాట చెప్పుదురు. అయినను ఆ మాట కొన్నిసార్లు నొప్పికంటె ఎక్కువ హాని చేయును. ఇది మా అక్క మోకాళ్లవలనను, నా చేతులవలనను మేము తెలిసికొనిన సంగతి గనుక మీకు వ్రాయుచున్నాను.

మేమిద్దరము పల్నాటి ప్రాంతపు పిల్లలము. అక్క వ్యవసాయ కుటుంబములోనికి వెళ్లెను. నేను చదువుకొని, ఎలిమెంటరీ పాఠశాలలో ఉపాధ్యాయినిగా 31 సంవత్సరములు పనిచేసి విశ్రాంతి పొందితిని. అక్కకు మోకాళ్లలో కీళ్ల అరుగుదల వచ్చెను. నాకు వ్రేళ్లలోను మణికట్లలోను కీళ్లవాతము వచ్చెను. ఊరిలో ఈ రెంటిని "వాతము" అని ఒకటే పేరు పెట్టి పిలుతురు గాని ఇవి రెండు వేరు వ్యాధులు.

కీళ్ల అరుగుదలలో ఎముకల చివరలను కప్పియుండు మెత్తని మృదులాస్థి క్రమముగా పాడగును. వయస్సు, అధిక బరువు, పాత దెబ్బలు, ఏండ్ల తరబడి చేసిన బరువు పనులు దీనికి కారణములు. ఉదయము లేవగానే కీలు బిగుసుకొనినను అరగంటలోపే సాధారణముగా సడలిపోవును. కీళ్లవాతము అట్టిది కాదు. శత్రువులనుండి మనలను కాపాడవలసిన దేహపు రక్షణ శక్తియే దారి తప్పి, కీలు లోపలి పొరమీద పడును. అప్పుడు కీళ్లు వాచి వేడెక్కును. ఉదయపు బిగువు గంటకు మించి యుండును. తరచుగా రెండు చేతులలోను ఒకే విధముగా కనబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019లో లోకమందు సుమారు 52 కోట్ల 80 లక్షలమందికి కీళ్ల అరుగుదలయు, సుమారు 1 కోటి 80 లక్షలమందికి కీళ్లవాతమును ఉండెను. రెంటిలోను స్త్రీలే ఎక్కువ.

ముందుగా అక్క సంగతి చెప్పుదును. మోకాళ్లు నొచ్చుచున్నవని కొడుకులు ఆమెను మంచముమీద కూర్చుండబెట్టిరి. కోడలు మంచి పిల్ల. అన్నము, నీళ్లు అన్నియు మంచము దగ్గరకే తెచ్చి యిచ్చెడిది. ఏడెనిమిది నెలలు అట్లు గడచెను. నొప్పి తగ్గలేదు సరిగదా, కాళ్లు ఇంకను బలహీనమాయెను. దొడ్డికి పోవలెనన్న ఒకరు చేయి పట్టుకొనవలసి వచ్చెను. ఊరిలో సూదులు వేయు ఒకాయన పొట్లాలు కట్టి యిచ్చెను. అవి మ్రింగిన దినములు హాయిగా ఉండెడిది. కొన్నాళ్లకు ముఖము ఉబ్బెను, రక్తములో చక్కెర పెరిగెను. పేరు చెప్పని పొట్లాలలో స్టెరాయిడు మందు కలసియుండుట తరచుగా జరుగు సంగతియే. వైద్యుని అదుపులో లేకుండ దానిని చాలకాలము వాడినయెడల ఎముకలు గుల్లబారును. అట్లని వాడుచున్న స్టెరాయిడును ఒక్కసారిగా మానుటయు ప్రమాదమే. వైద్యునికి చూపించి, ఆయన చెప్పినట్లు తగ్గించుకొనవలెను.

ఆ దినములలో నేను చూడబోతిని. అక్క గోడవైపు తిరిగి పండుకొని యుండెను. "చెల్లీ, కోడలు ఏమీ అనదు. అదే నాకు బాధ. రెక్కలాడినన్నాళ్లు ఈ ఇంట్లో నేనొక మనిషిని. ఇప్పుడు మంచానికి ఐదో కోడునైపోయాను" అనెను. ఆ మాట విని నేను ఇంటికి పోలేకపోతిని. ఆమె పెద్దకొడుకుతో మాటలాడి, మరుసటి వారము ఆమెను పట్టణములోని ఆసుపత్రికి తీసికొనిపోతిమి. వైద్యుడు ఎక్స్‌రే చూచి, కొద్ది మందులు వ్రాసి, "అసలు వైద్యము ప్రక్క గదిలో ఉన్నది" అని ఫిజియోథెరపీ విభాగమునకు పంపెను.

అక్కడ ఉన్నది మా మనుమరాలి వయస్సు పిల్ల. అక్క ఆమెను చూచి, నూనె రాసి మర్దన చేయునని తలంచి కాళ్లు చాపెను. ఆ పిల్ల నవ్వి, "పెద్దమ్మా, నేను చేసేదేమీ లేదు. చేయాల్సింది మీరే" అనెను. తరువాత ఒక బొమ్మ చూపించి మాకు అర్థమగునట్లు వివరించెను. మృదులాస్థికి రక్తనాళములు లేవట. కీలులో నుండు జిగట నీరే దానికి ఆహారము. కీలు కదలి, నొక్కబడి, తిరిగి విడువబడినప్పుడు ఆ ఆహారము లోనికి దిగును. కదలని కీలునకు ఆ పోషణ తగ్గిపోవును. అంతేగాక, నడచునప్పుడు అడుగు అదురును మోకాలికంటె ముందు భరించవలసినది తొడ కండరము. మంచమెక్కినవారికి మొదట కరగిపోవునదియు ఆ కండరమే. అది కరగినయెడల భారమంతయు మోకాలిమీదనే పడును. అక్కకు విశ్రాంతి వలన నొప్పి ఎందుకు తగ్గలేదో మాకు అప్పుడు బోధపడెను.

ఆమె నేర్పిన కసరత్తులు మూడు. మొదటిది: మంచముమీద కాలు చాపి, మోకాలి క్రింద చుట్టిన తువ్వాలు పెట్టి, తొడ బిగించి ఆ తువ్వాలును క్రిందికి నొక్కి, 5 లెక్కపెట్టి వదలుట. రెండవది: వెల్లకిల పండుకొని ఒక కాలు మడిచి, రెండవ కాలు వంచకుండ జానెడెత్తు లేపి, 5 లెక్కపెట్టి మెల్లగా దించుట. ఒక్కొక్కటి పదేసి మారులు, దినమునకు రెండు పూటలు. మూడవది: గట్టి కుర్చీలోనుండి లేచి నిలిచి మరల కూర్చుండుట. మొదట చేతుల ఊతతో చేసి, బలము వచ్చినకొలది ఊత తగ్గించుకొనవలెను. వీటితోకూడ చదునైన దారిని 5 నిమిషముల నడక మొదలుపెట్టి, వారము వారమునకు కొంచెము పెంచుకొనుమనెను.

"నొప్పి పుట్టితే?" అని అక్క అడిగెను. దానికామె ఒక కొలత చెప్పెను. కసరత్తు చేయునప్పుడు కొంచెము నొప్పి సహజము. అయితే చేసిన తరువాత 2 గంటలు దాటియు నొప్పి మునుపటికంటె ఎక్కువగా ఉన్నయెడల ఎక్కువ చేసితిమని అర్థము. మరునాడు తగ్గించవలెను గాని మానకూడదు. కీలు ఎఱ్ఱగా వాచి వేడిగా ఉన్న దినమున మాత్రము దానికి విశ్రాంతినిచ్చి, మెల్లగా ఒకటి రెండు మారులు ఆడించిన చాలును.

ఇంకను రెండు సంగతులు ఆమె సరిచేసెను. అక్కకు కుడి మోకాలు ఎక్కువ నొప్పి గనుక కుడిచేతిలోనే కర్ర పట్టుకొనెడిది. దానిని ఎడమచేతికి మార్చెను. నొప్పి కాలును కర్రయు ఒకేసారి ముందుకు పడవలెను. అప్పుడు బరువు రెండువైపుల పంచబడును. కర్ర యెత్తు కూడ చూచెను. చేయి ప్రక్కన వ్రేలాడవిడిచి నిలిచినప్పుడు కర్ర పిడి మణికట్టు దగ్గరకు రావలెనట. రెండవది బరువు. దేహములో 1 కిలో తగ్గినయెడల నడచునప్పుడు ప్రతి అడుగులోను మోకాలిమీద సుమారు 4 కిలోల భారము తగ్గును. అక్క రాత్రిపూట అన్నము తగ్గించి జొన్నరొట్టె, కూరతో సరిపెట్టుకొనెను. కొన్ని నెలలలో 4 కిలోలు తగ్గెను.

మొదటి మూడు వారములు ఆమె నన్ను తిట్టుచునే కసరత్తు చేసెను. ఈ వైద్యము సూదిమందువలె పనిచేయదు. ఫలము కనబడుటకు సాధారణముగా 6 నుండి 12 వారములు పట్టును. మూడవ నెలలో ఒక ఉదయమున ఆమె ఎవరిని పిలువక తానే లేచి దొడ్డికి పోయి వచ్చెను. కోడలు నాకు ఫోను చేసి, "పిన్నిగారూ, అత్తయ్య తనే వెళ్లొచ్చింది" అని చెప్పునప్పుడు ఆ పిల్ల గొంతు గద్గదమాయెను.

ఇక నా చేతుల సంగతి. కీళ్లవాతమునకు మొదట కావలసినది మందు. దీనిని మరువవద్దు. త్వరగా మందు మొదలుపెట్టనియెడల కీళ్లు వంకరపోవును, పోయిన తరువాత మందువలన అవి తిన్నగా రావు. ఏ కసరత్తును ఆ మందునకు బదులు కాదు. చాలమందికి ఇచ్చునది మెథోట్రెక్సేట్ అను మాత్ర. కీళ్లవాతమునకు దానిని వారమునకు ఒక్క దినము మాత్రమే మ్రింగవలెను. పొరబాటున ప్రతిదినము మ్రింగుట ప్రాణాపాయము. చదువురాని పెద్దలున్న ఇండ్లలో పిల్లలు ఆ దినమును క్యాలెండరులో గుర్తుపెట్టి యుంచవలెను.

మందు పనిచేయ మొదలుపెట్టిన తరువాత నన్ను ఆక్యుపేషనల్ థెరపీ అను విభాగమునకు పంపిరి. దినదినము మనము చేసికొను పనులను దేహస్థితికి తగినట్లు తిరిగి చేయనేర్పు విద్య అది. అక్కడి అమ్మాయి నా చేతులు చూడకమునుపే ఒక కాగితము తీసికొని, "అమ్మగారూ, పొద్దున లేచినది మొదలు రాత్రి పడుకొనేవరకు ఏమేమి పనులు చేస్తారు? వాటిలో చేయలేనివి ఏవి? తప్పక చేయాలనుకొనేవి ఏవి?" అని అడిగెను. అన్నాళ్ల వైద్యములో నన్ను ఆ ప్రశ్న అడిగినవారు ఆమెయే. నేను ఆలోచించి చెప్పితిని: జడ వేసికొనలేను, జాకెట్టు హుక్కులు పెట్టుకొనలేను, పచ్చడి జాడీ మూత తీయలేను, చీర పిండలేను, కలము పట్టి ఉత్తరము వ్రాయలేను. చివరిది చెప్పునప్పుడు నాకు కన్నీళ్లు వచ్చెను. సుద్దముక్క పట్టి 31 యేండ్లు వ్రాసిన చేయి అది.

ఆమె ఒక్కొక్క పనికి ఒక్కొక్క దారి చూపించెను. దాని మూలసూత్రము సులభమైనది. చిన్న కీలు చేయు పనిని పెద్ద కీలునకు అప్పగించవలెను. ఒక చేయి మోయు బరువును రెండు చేతులు మోయవలెను. గట్టిగా పిడికిలి బిగించు పనిని తగ్గించవలెను. మూతను వ్రేళ్లతో పట్టి మెలిపెట్టక, జాడీ క్రింద తడిగుడ్డ పరచి, అరచేయి మూతమీద ఆనించి భుజబలముతో త్రిప్పవలెను. గిన్నెను చెవి పట్టి ఎత్తక, రెండు అరచేతులు అడుగున చేర్చి ఎత్తవలెను. దించనవసరము లేనియెడల గట్టుమీదనే జరుపవలెను. సంచిని వ్రేళ్లకు తగిలించుకొనక భుజమున వేసికొనవలెను. నిండు బకెట్టు ఒకసారి మోయుటకంటె సగము బకెట్టు రెండుసార్లు మోయుట మేలు. తడిచీరను మెలిపెట్టి పిండక, దండెముమీద మడిచి వేసి, అరచేతులతో నొక్కి నీరు కార్చవలెను. గరిటె కాడకు పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగి లావు చేసితిని. కాడ లావైనకొలది వ్రేళ్లు తక్కువగా బిగించవలసి వచ్చును. కలమునకు గుడ్డ చుట్టితిని. జాకెట్టు హుక్కుల స్థలములో దర్జీచేత వెల్క్రో పట్టీ కుట్టించితిని. వీటికైన ఖర్చు చెప్పదగినది కాదు.

రాత్రి తొడుగుకొనుటకు మణికట్టునకు ఒక చట్టము చేసి యిచ్చిరి. అది వేడినీళ్లలో మెత్తబడు ప్లాస్టిక్కు పలక. దానిని నా చేతిమీదనే పెట్టి వంచి, చల్లారి గట్టిపడిన తరువాత పట్టీలు కట్టిరి. కీళ్లు వాచిన దినములలో అది మణికట్టును కదలనీయక విశ్రాంతి యిచ్చును. ఉదయము దానిని తీసివేసి, గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషములు చేతులుంచి, వ్రేళ్లు మెల్లగా ముడుచుచు విప్పుచు ఉందును. చక్కెర వ్యాధివలన చేతులు మొద్దుబారినవారు నీటి వేడిని ఇంటిలో మరియొకరిచేత చూపించుకొనవలెను, లేనియెడల చర్మము కాలినను తెలియదు. ఆమె చెప్పిన మరియొక మాట నాకు చాల మేలుచేసెను: అలసిన తరువాత కాదు, అలయకమునుపే ఆగుము. బరువు పని తరువాత తేలిక పని పెట్టుకొనుము. ఒకే కుట్టుపని రెండు గంటలు కూర్చుండి చేయవద్దు.

ఇట్టి విద్య మన దేశములో ఎట్లు వేరూనెనో తెలిసికొనుట మంచిది. అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి, ఈ దేశమునే తన దేశముగా చేసికొనిన కమలా నింబ్‌కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ నేర్పు పాఠశాలను ప్రారంభించెను. 1952లో ఈ వృత్తివారికి అఖిల భారత సంఘము ఏర్పడెను. మన సంఘములలో అనేకులు ఎరిగిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీస్ అను యువ వైద్యురాలు ఉండెను. 1954లో జరిగిన మోటారు ప్రమాదములో ఆమె వెన్నుకు దెబ్బ తగిలి, నడుము క్రింది భాగము చచ్చుబడెను. ఆమె మంచమునకు అంటిపెట్టుకొని యుండలేదు. చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత అమెరికాకు పోయి, దెబ్బతిన్న దేహములకు తిరిగి పని నేర్పు వైద్యశాస్త్రమును అభ్యసించి వచ్చి, వేలూరులో ఆ విభాగమును నడిపెను. 1966లో అక్కడ రోగులు నివసించి నేర్చుకొను పునరావాస కేంద్రము తెరువబడెను. ఆమెది కీళ్లవ్యాధి కాదు గాని, చేయి ఉన్నంతలో ఏ పని చేయగలదో వెదకుట అను ఈ విద్యకు ఆమె బ్రతుకే సాక్ష్యము.

ఇప్పుడు మన మందిరముల సంగతి ఒకటి చెప్పవలెను. అక్క నడక వచ్చిన తరువాతకూడ ఆదివారమున ఆరాధనకు రాలేదు. కారణమేమనగా, ఆమె మోకాళ్లు నేలమీద మఠము వేసికొని కూర్చుండుటకు ఇక వంగవు, మోకరించుటకు అసలే ఒప్పవు. ఎంత కసరత్తు చేసినను అరిగినది తిరిగి మొలవదు గదా. కుర్చీ వేయుదుమంటే ఆమె ఒప్పుకొనలేదు. "పాస్టరుగారు కూర్చునే చోట, అందరూ చాపమీద ఉండగా నేను కుర్చీ ఎక్కడమా? ఊరు నవ్వుతుంది" అనెను. పట్టణపు సంఘములవారికి ఇది చిన్న మాటగా తోచును గాని పల్లెలో ఇది చిన్నది కాదు. ఎత్తున కూర్చుండుటకు మన ఊళ్లలో ఒక అర్థమున్నది.

కాపరిగారు ఈ సంగతి విని ఎవరిని ఏమియు అనలేదు. ప్రక్క గోడ పొడవునా కూర్చుండుటకు తగిన ఎత్తున ఒక బల్ల వేయించి, "మోకాళ్లు నొచ్చువారందరు ఇక్కడ కూర్చుండుడి, కూర్చుండియే ప్రార్థించుడి" అని ఆదివారము ప్రకటన చేసిరి. మొదటి వారము అక్క ఒక్కతెయే జంకుచు కూర్చుండెను. నెల తిరుగకమునుపే ఆ బల్లమీద ఆరుగురుండిరి. వారిలో ఇద్దరు సంవత్సరమునుండి మందిరమునకు రానివారు. వారు భక్తి తగ్గి మానివేసిరని మనము అనుకొనుచుంటిమి. వారిని ఆపినవి మోకాళ్లు మాత్రమే.

ఇండ్లలో చేయదగిన పనులును ఇట్టివే. మంచము కోళ్ల క్రింద గట్టి దిమ్మెలు కదలకుండ పెట్టి ఎత్తు చేయుడి. ఎత్తైన మంచమునుండి లేచుట సులువు. దొడ్డిలో గుంతకూర్చుని లేవలేనివారికి మధ్య రంధ్రమున్న కుర్చీ ఒకటి వేసి, గోడకు ఇనుప కమ్మీ బిగించుడి. కత్తిపీట ముందు నేలమీద కూర్చుండు తల్లికి బల్లయు చాకును ఇయ్యుడి. ఫిజియోథెరపీ చేయుదుమని చెప్పువారి దగ్గరకు పోవునప్పుడు వారు ఆ విద్య చదివి పట్టము పొందినవారేనా అని అడుగుడి. ఈ వృత్తులను క్రమపరచుటకు 2021లో పార్లమెంటు చట్టము కూడ చేసెను. కీలు హఠాత్తుగా వాచి జ్వరము వచ్చినను, రాత్రి నిద్రపోనీయని నొప్పి యున్నను, కాలు తిమ్మిరిపట్టి బలము పోవుచున్నను కసరత్తులతో ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు పోవుడి. మోకాలు పూర్తిగా అరిగిపోయినవారికి కీలు మార్చు శస్త్రచికిత్స ఉన్నది. దాని తరువాతకూడ ఈ కసరత్తులే నడిపించును.

మాకు స్వస్థత కలిగినదని నేను వ్రాయను. నా ఎడమచేతి చూపుడువ్రేలు కొంచెము ప్రక్కకు వంగెను, అది అట్లే యుండును. వానకాలపు ఉదయములు మా ఇద్దరికిని కష్టమే. అక్క తిరిగి పొలము పోలేదు, పోదు. అయితే మిరపకాయల కాలములో ఎత్తు పీటమీద కూర్చుండి తొడిమలు తీయును, గంటకొకసారి లేచి వాకిట పదిసార్లు తిరుగును, మనుమలకు తానే వడ్డించును. మంచానికి ఐదో కోడు అను మాట నేను మరల ఆమె నోట వినలేదు. నేను ఈ పుటలన్నియు గుడ్డచుట్టిన కలముతో, రోజునకు ఒక పుట చొప్పున, నా చేతితోనే వ్రాసితిని.

మీ యింట నొప్పులతో కూర్చుండిన పెద్దలున్నయెడల వారితో "కూర్చో" అని చెప్పకముందు వారి ప్రక్కన మీరే ఒక గడియ కూర్చుండుడి. ఎక్కడ నొచ్చుచున్నదని మాత్రమే గాక, ఏ పని తిరిగి చేయవలెనని ఆశ యున్నదో అడుగుడి. వారు చెప్పు పని మీకు చాల చిన్నదిగా తోచవచ్చును. అక్కడనుండియే మొదలుపెట్టుడి.